రాజభవనానికి ఒకనాటి యాత్ర

మార్గశిర, పుష్య మాసాలు వచ్చాయంటే మన పాఠశాలల్లో యాత్ర మాట మొదలవుతుంది. తెలుగులో విహారయాత్ర అన్నా, కన్నడంలో ప్రవాస అన్నా విద్యార్థులకు కలిగే ఉత్సాహం ఒక్కటే. ఎక్కడికి పోదామని అడిగితే ఎక్కువమంది నోట వచ్చేవి రెండు కోరికలు. ఒకటి రాజుల మేడ, రెండవది సముద్రం. రెండూ ఒకేచోట ఉంటే అంతకన్నా కావలసింది ఏముంది అనేవారూ ఉంటారు.

ఆ కోరికలో తప్పు లేదు. అలాంటి చోటు లేకపోలేదు కూడా. విశాఖపట్నంలో సముద్రతీరాన హవామహల్ అనే భవనం ఉంది. 20వ శతాబ్దం తొలి దశకాలలో జయపురం సంస్థానాధీశులు దానిని కట్టించారు. ఎదురుగా బంగాళాఖాతం. కాని పావగడ తాలూకాలోని అరసికెరె ఎక్కడ, విశాఖపట్నం ఎక్కడ! మొదట బెంగళూరు చేరాలి. అక్కడినుండి ఒక రాత్రి, మరునాడు పగటిలో కొంత భాగం రైలులోనే గడపాలి. పోవడానికి, ఉండడానికి, తిరిగి రావడానికి రోజులు పడతాయి. రోజులతోపాటు ఖర్చూ పెరుగుతుంది.

ఇక్కడే మనం ఆలోచించాలి. మన తాలూకా వానలు తక్కువగా పడే ప్రాంతం. వేరుశెనగ పంట చేతికి వచ్చిన ఏడు ఇంట్లో నాలుగు రూకలు ఆడతాయి. పంట ఎండిన ఏడు తల్లిదండ్రులు కూలిపనులకు బెంగళూరు పోవలసి వస్తుంది. నలభైమంది ఉన్న తరగతిలో పదిహేనుమందే రుసుము కట్టగలిగితే అది తరగతి యాత్ర ఎలా అవుతుంది? అది పదిహేనుమంది యాత్ర. మిగిలిన ఇరవై ఐదుమంది ఇంటివద్ద ఉండిపోయి, తిరిగివచ్చినవారి కబుర్లు వినాలి. డబ్బు లేదని చెప్పలేక 'నాకు బస్సు పడదు' అనే పిల్లవాడి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఊహించండి. కాబట్టి పాఠశాల యాత్ర అందరూ పోగలిగిన చోటికే పోవాలని నా అభిప్రాయం. అలాంటి చోటు మనకు దగ్గరలోనే ఉంది. అదే పెనుకొండ.

'పెనుకొండా! అదీ ఒక యాత్రేనా? పెండ్లిళ్ళకు పోయేటప్పుడు చూస్తూనే ఉన్నాం కదా!' అని కొందరు అనవచ్చు. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. దారిలో కనబడిన చోటు వేరు, ఆగి చూసిన చోటు వేరు.

పెనుకొండ నేడు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022లో ఆ జిల్లా ఏర్పడకముందు అనంతపురం జిల్లాలో ఉండేది. పెను అంటే పెద్ద. పేరుకు తగినట్లే అది పెద్దకొండ. విజయనగర రాజ్యపు తొలినాళ్ళలోనే, బుక్కరాయల కాలంనాటికే, అది ముఖ్యమైన దుర్గం. 1565లో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు మరణించాడు. విజయనగరం పాడుబడింది. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. 16వ శతాబ్దం చివరలో రాజధాని చంద్రగిరికి తరలేవరకు, మూలబడిన రాజ్యానికి మళ్ళీ నిలబడే చోటు ఇచ్చింది ఈ కొండే.

అక్కడి గగన్‌మహల్ రెండు అంతస్తుల రాజభవనం. కింద కోసుగా ఉన్న కమానులు, పైన గుడిగోపురాన్ని తలపించే శిఖరం. హిందూ, ముస్లిం శిల్పరీతులు రెండూ ఒకే గోడలో కలిసిపోయాయి. హంపీలోని కమల్‌మహల్‌ను చూసినవారికి ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. సుల్తానులతో యుద్ధాలు చేసిన రాజులు వారి కట్టడాల అందాన్ని మాత్రం కాదనలేదు. ఊరిలో రామాలయం, శివాలయం పక్కపక్కనే ఉన్నాయి. పార్శ్వనాథుని జైన ఆలయం ఉంది. బాబయ్య దర్గా ఉంది. పుస్తకంలో పుటలకొద్దీ చదివే మతసామరస్యాన్ని ఒక్క పూటలో నడిచి చూడవచ్చు.

మనకు మరొక కారణం కూడా ఉంది. మనం కర్ణాటకలో ఉండి తెలుగు చదువుకుంటున్నాం. ఇంట్లో ఒక భాష, అంగడిలో ఒక భాష మనకు కొత్త కాదు. విజయనగర రాజుల శాసనాలు కన్నడంలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. నాడు ఈ నేల మధ్య రాష్ట్రాల సరిహద్దు లేదు. 'ఇది మీ చరిత్ర, అది మా చరిత్ర' అని పంచుకోవడానికి వీలులేని చోటు పెనుకొండ. రెండు భాషలు తెలిసిన మన పిల్లలకు అది సొంత ఇల్లు వంటిది.

మరి సముద్రం మాట ఏమిటి? పెనుకొండ నుండి సముద్రం కనబడదు. అయినా ఆ రాజుల కథలో సముద్రం ఉంది. విజయనగర సైన్యానికి కావలసిన మేలుజాతి గుర్రాలు అరబ్బు దేశాల నుండి ఓడలలో గోవా, భట్కళ వంటి పడమటి రేవులకు వచ్చేవి. 1639లో తూర్పుతీరాన ఆంగ్లేయులకు నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి ఈ రాజ్యానికి చెందిన నాయకుడే. ఆ నేలమీదనే సెయింట్ జార్జి కోట, దాని చుట్టూ నేటి చెన్నై పెరిగాయి. ఇంకొక సంగతి. మనం రొద్దం మీదుగా పోతే పెన్నానది తగులుతుంది. ఎక్కువ కాలం ఇసుకే కనబడుతుంది. కాని నందికొండల ప్రాంతంలో పుట్టిన ఆ నది నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడ ఒక నిమిషం నిలబడితే సముద్రానికి పోయే దారిని చూసినట్లే.

చోటు నిర్ణయించుకోవడంతో పని ముగియదు. యాత్రలో సగం చదువు దాని ఏర్పాట్లలోనే ఉంది. ఆ పని అంతా ఉపాధ్యాయుల మీద వేయడం మంచిది కాదు. తరగతిని నాలుగు జట్లుగా చేయాలి. ఒక జట్టు దారిపటం గీసి, ఏ వేళకు ఎక్కడ ఉండాలో రాయాలి. రెండవ జట్టు ఖర్చుల లెక్క చూడాలి. బస్సు బాడుగను తలకు ఎంతో పంచడం కంటే మంచి గణితపాఠం ఏముంది? కట్టలేనివారి పేర్లు ఉపాధ్యాయునికి తప్ప మరొకరికి తెలియకూడదు. మూడవ జట్టు భోజనం, నీళ్ళు చూడాలి. చిత్రాన్నం, పెరుగన్నం ఇంటినుండి కట్టుకొని పోతే ఖర్చు తగ్గుతుంది. నాలుగవ జట్టు చూడవలసిన చోట్ల గురించి ముందే చదివి, ప్రశ్నలు తయారు చేయాలి. భవనం తెరచి ఉండే వేళలు ముందుగా కనుక్కోవాలి. పాఠశాల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. నడవలేని పిల్లలు ఉంటే కొండ ఎక్కే మాట మాని, అందరూ కలిసి చూడగల చోట్లకే కాలం కేటాయించాలి.

ఒక్కరోజులో ఆరు ఊళ్ళు చుట్టివచ్చే యాత్రలు ఉన్నాయి. దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం. అలా తిరిగితే కాళ్ళకు అలసట తప్ప మనసుకు ఏమీ మిగలదు. ఒక్క భవనం ముందు ఒక గంట కూర్చొని దాని బొమ్మ గీసిన విద్యార్థికి అది జీవితాంతం గుర్తుంటుంది.

ఒక హెచ్చరిక. పాతకట్టడాల గోడలమీద మేకుతోనో బొగ్గుతోనో పేర్లు రాసేవారు ఉంటారు. రాజులు కట్టించిన గోడమీద మన పేరు రాసినంత మాత్రాన మనం రాజులం కాము. ప్రాచీన కట్టడాలను కాపాడడానికి 1958లో చట్టం వచ్చింది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధులలో మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ఒకటి. చట్టానికి భయపడి కాక, ఇది మనది అనుకొని చేయి వెనక్కు తీసుకోవడమే అసలైన చదువు.

తిరిగి వచ్చాక చూసినదాన్ని ప్రతి ఒక్కరూ ఒక పుట రాయాలి. ఆ పుటలన్నీ కుట్టి పాఠశాల గ్రంథాలయంలో ఉంచితే, వచ్చే ఏడు పోయేవారికి అదే దారిచూపే పుస్తకం అవుతుంది.

అరసికెరె అనే మాటను విడదీసి చూడండి. కన్నడంలో అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. మన ఊరి పేరులోనే రాచరికం ఉంది, నీరూ ఉంది. దగ్గర ఉన్నదాన్ని గమనించే అలవాటు మనకు ఉంటే దూరం పోయినప్పుడు కూడా కన్ను బాగా పనిచేస్తుంది. సముద్రం ఎక్కడికీ పోదు. పెద్దయ్యాక మన సంపాదనతో పోయి చూడవచ్చు. కాని తరగతిలోని నలభైమందీ కలిసి ఒకే బస్సులో కూర్చునే రోజు మళ్ళీ రాదు. ఆ రోజున ఒక్కరు కూడా వెనుక ఉండిపోకుండా చూడడం మన అందరి బాధ్యత.