కిరాయి యిండ్ల కఱవు

కలెక్టరు కచేరీపై జెండా యెగిరినంత మాత్రమున ఊరు పట్టణము కానేరదు. ఆ కచేరీని తెల్లవారుజామున ఊడ్చు స్త్రీకి, ఆ వీధిలో ఆటో నడపువానికి, ఆస్పత్రిలో రోగిని మోయు కూలికి రాత్రి తల దాచుకొనుటకు ఆ యూరిలోనే ఒక గది దొరకవలెను. 2016 అక్టోబరు 11వ తేదీ విజయదశమినాడు పూర్వపు వరంగల్లు జిల్లానుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుపడినవి. నాడు మూడు పట్టణములలోను బాణసంచా కాల్చి పండుగ చేసికొన్నారు. అంతటి పండుగ చేసికొన్నవారు ఈ పట్టణములలో పేదవాని కాపురమెట్లు సాగునని విచారించినట్లు కానరాదు.

పదవులతోపాటు భవనములును వచ్చినవి. జనగామలో నూతన కలెక్టరు కార్యాలయము 2022 ఫిబ్రవరిలోను, మహబూబాబాదులో 2023 జనవరిలోను తెఱవబడినవి. మహబూబాబాదున 2022లోను, జనగామ భూపాలపల్లులయందు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. భూపాలపల్లికి సింగరేణి బొగ్గు గనులును, చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రమును అంతకుముందే యుండెను. ఇన్ని సంస్థలు నడచుటకు వేలకొలది చేతులు కావలెను. పెద్ద యుద్యోగి హనుమకొండలో కాపురముంచి కారులోనో రైలులోనో వచ్చిపోగలడు. పారిశుద్ధ్యపు కూలికి, కావలివానికి, ఔట్‌సోర్సింగు చిరుద్యోగికి, మార్కెట్టు యార్డులోని హమాలీకి ఆ వెసులుబాటు లేదు. తండాలనుండి, పల్లెలనుండి పిల్లల చదువుకొఱకు వచ్చి ఒక్క గదిలో సంసారము నడపు రైతుకూలీలు వీరికి తోడు. వీరందఱును వెదకునది యొక్కటే: నెల జీతములో మూడవ వంతు మ్రింగివేయని కిరాయి గది.

ఆ వెదకులాట యెట్టిదో సొంత యింటివారికి తెలియదు. ఇంత పట్టణమున ఖాళీ గదుల జాబితా యొక్క చోటను లేదు. పనినుండి వచ్చిన మగడు సాయంకాలమును, ఇల్లాలు మధ్యాహ్నమును వీధి వీధి తిరిగి టులెట్ బోర్డుల నరయవలెను. బోర్డు కనబడిన పిదప ప్రశ్నలు మొదలగును. ఎందఱు పిల్లలు? పొద్దున నీరెంత వాడుదురు? చుట్టములు వత్తురా? ఇవన్నియు దాటిన పిదప, గొంతు తగ్గించి, "మీరేమిట్లు?" అని యడుగుదురు. ఈ ప్రశ్నతో ఎన్నియో బేరములు ముగిసిపోవును. గది ఇప్పుడే నిన్నటివారికి మాట యిచ్చితిమనియు, మా అబ్బాయి పట్నమునుండి వచ్చుచున్నాడనియు జవాబు వచ్చును. దళితునకును, ముసల్మానునకును, మగతోడు లేని స్త్రీకిని ఈ జవాబు మిక్కిలి పరిచితము. ఇది మన పట్టణములకు మాత్రమే పరిమితమైన జాడ్యము కాదు. సుఖదేవ్ థోరాట్ మొదలగు పరిశోధకులు ఢిల్లీ ప్రాంతమున కిరాయి యిండ్ల బేరములను పరీక్షించి, కులమును మతమును చూచి యిండ్లు నిరాకరించుచున్న సంగతిని 2015లో ప్రకటించిరి. దేశ రాజధానియందే యిట్లున్నదని మనము సమాధానపడుట తగదు.

దీనిని మించిన కఠినము మఱియొకటి కలదు. కిరాయి యింట నున్నవాడు ఆస్పత్రిలో మరణించినచో ఆ శవమును ఇంటికి తేనీయని యజమానులు తెలంగాణమున పెక్కు పట్టణములలో నున్నారు. అశౌచమని, ఇంటికి అరిష్టమని వారి భయము. నిన్నటి దాక నెల తప్పక కిరాయి చెల్లించినవాని దేహము ఖాళీ జాగాలో షామియానా క్రింద రాత్రియంతయు పడియుండును. భార్యాపిల్లలు రోడ్డు ప్రక్కన కూర్చుండి యేడ్వవలెను. ఇట్టి వార్తలు పత్రికలలో పలుమాఱు వచ్చినవి. అతిథి మరణించినను మర్యాదతో సాగనంపవలెనని చెప్పు సంప్రదాయమునకు వారసులము మనము. సొమ్ము తీసికొని చోటిచ్చినవానికి ఆ పాటి మర్యాదయైన చూపలేమా?

ప్రభుత్వములు పేదల యిండ్ల విషయమున ఏమియు చేయలేదని మేమనము. 2015లో రెండు పడకగదుల యిండ్ల పథకము మొదలయ్యెను. 560 చదరపు టడుగుల యిల్లు, లబ్ధిదారునిపై పైసా భారములేకుండ, పట్టణములలో ఇంటికి 5 లక్షల 30 వేల రూపాయల అంచనాతో తలపెట్టబడెను. పొందినవారు ధన్యులు, పొందినవారికంటె ఎదురుచూచినవారే యెక్కువ. 2024 మార్చిలో భద్రాచలమునందు ఇందిరమ్మ యిండ్ల పథకము ఆరంభమయ్యెను. సొంత స్థలము గలవారికి తొలి విడతలో 5 లక్షల రూపాయల సాయము. పథకము మంచిదే. కాని కిరాయి గదిలో నున్నవానికి ఈ పట్టణమున గజము స్థలమైన లేదు. లేదు గనుకనే యతడు కిరాయికున్నాడు. ఇట్లు మిక్కిలి అక్కఱగలవాడే వరుసలో చివర నిలువవలసి వచ్చుచున్నది. పైగా తన యూరిలో పాత యిల్లున్నను పనికొఱకు పట్టణము వచ్చినవానికి కావలసినది రెండవ సొంత యిల్లు కాదు. రెండేండ్లో ఐదేండ్లో గౌరవముగ నుండుటకు తగిన గది. మన పథకములన్నియు పట్టాను తలచినవేకాని కిరాయిని తలచినవి కావు.

ఈ గడ్డకు కౌలుదారుని కష్టము క్రొత్తది కాదు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పోరాడినది కౌలునకు తీసికొన్న భూమికొఱకే. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱగినది విసునూరు దేశ్‌ముఖు దౌర్జన్యమునకు ఎదురుగనే. నాటి జనగామ తాలూకా రక్తమోడిన పిమ్మట, 1950లో హైదరాబాదు కౌలుదారీ వ్యవసాయ భూముల చట్టము వచ్చి, రక్షిత కౌలుదారుడను మాటను పుట్టించెను. పొలము దున్నువానికి కొంత రక్షణ లభించినది. ఆ దున్నువాని మనుమడు నేడు పట్టణమునకు వచ్చి కిరాయి గదిలో నున్నాడు. వానికి కాగితము లేదు, రసీదు లేదు, రేపటికి భరోసా లేదు. తాతకు పొలమున దొరకిన పాటి న్యాయము మనుమనికి గదిలో దొరకకుండుట చరిత్రకు తలవంపు.

సర్కారే యిండ్లు గట్టి తక్కువ కిరాయికి ఇచ్చుట వింత యూహ కాదు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదున 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఆరాయిషె బల్దా యని దాని పేరు. ఇఱుకు బస్తీలను తొలగించి అది పేదలకు, చిన్న సంపాదనవారికి కట్టిన యిండ్లు నేటికిని సి.ఐ.బి. క్వార్టర్లను పేరున పేటలై నిలిచియున్నవి. రాచఱికపు దినములలో జరిగిన పని ప్రజాప్రభుత్వమున జరుగరాదా? భూపాలపల్లిలోనే సింగరేణి సంస్థ తన కార్మికులకు క్వార్టర్లు కట్టియిచ్చినది. ఆ ప్రక్కనే కాంట్రాక్టు కూలీ బయట గదులు వెదకికొనుచున్నాడు. పశ్చిమమున వియన్నా నగరమును చూడుడు. మొదటి మహాయుద్ధానంతరము 1919 మొదలు 1934 వఱకు ఆ నగరసభ అఱువది వేలకు పైగా ఇండ్లు కట్టి శ్రామికులకు కిరాయికిచ్చెను. నేటికిని ఆ నగర జనమున దాదాపు సగము నగరసభ యిండ్లలోనో, లాభాపేక్ష పరిమితమైన సంఘముల యిండ్లలోనో వసించుచున్నారు. అందువలన తక్కిన యిండ్ల కిరాయిలును హద్దు మీఱలేదు.

సొమ్మెక్కడిదని యడుగువారికి చిన్న లెక్క చెప్పెదము. పైన చెప్పిన 2015 నాటి అంచనా ప్రకారము చదరపు టడుగునకు సుమారు 950 రూపాయలు పడినది. నేడు అది రెట్టింపైనదనుకొందము. 300 చదరపు టడుగుల గది, వంటచోటు, స్నానపు గది కలిపి 5 లక్షల 70 వేలగును. స్థలము పురపాలక సంఘముది. నెలకు 2,500 కిరాయి వసూలైనచో ఏడాదికి 30 వేలు; పందొమ్మిదేండ్లలో అసలు తిరిగివచ్చును. వడ్డీకి, మరమ్మతులకు ప్రభుత్వము తోడ్పడవలసినదే. ఉచితముగ ఇల్లిచ్చినపుడు మొత్తము సొమ్ము తిరిగిరాదు. ఇచ్చట అసలు చేతికి వచ్చి మఱియొక వరుస గదులకు పెట్టుబడియగును. కేంద్రప్రభుత్వము కరోనా వలసకూలీల కడగండ్లు చూచి 2020 జూలైలో సరసమైన కిరాయి గృహ సముదాయముల పథకమును ఆమోదించెను. ఖాళీగనున్న సర్కారు ఇండ్లను బాగుచేసి 25 ఏండ్ల గడువునకు కిరాయి నడపుట అందొక మార్గము. 2024 ఆగస్టులో ఆమోదము పొందిన రెండవ విడత పట్టణ ఆవాస యోజనయందును కిరాయి గృహముల కొక ప్రత్యేక విభాగము కలదు. ద్వారము తెఱచియున్నది, మన పురపాలక సంఘములు తట్టవలెను.

ఇంటి యజమానుల పక్షమునను న్యాయము కలదు. పెక్కుమంది కోటీశ్వరులు కారు. పొలము పైరు సొమ్ముతోనో పదవీ విరమణ సొమ్ముతోనో నాలుగు గదులు వేసికొని ఆ కిరాయితో కాలక్షేపము చేయువారు. కిరాయి ఎగవేసి, ఖాళీ చేయక, కోర్టులచుట్టు త్రిప్పువాడు దొరకినచో వారి బ్రదుకు దుర్భరము. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టము పురపాలక పట్టణములకు వర్తించునదే. న్యాయమైన కిరాయి నిర్ణయించు అధికారమును, అకారణముగ ఖాళీ చేయింపరాదను నియమమును అందు కలవు. కాని పేదవాడు ఆ కోర్టు మెట్లెక్కలేడు. ఎక్కిన యజమాని త్వరగా దిగలేడు. చట్ట భయము చేతనో నమ్మకము లేకనో తాళము వేసి యుంచిన యిండ్లును కొన్ని కలవు. 2011 జనాభా లెక్కలలో దేశమందలి పట్టణములలో కోటి పది లక్షల ఇండ్లు ఖాళీగ కనబడినవి. ఒక ప్రక్క తాళము, మఱియొక ప్రక్క తల దాచుకొన చోటు లేని జనము! 2021 జూన్‌లో కేంద్రమంత్రివర్గ మామోదించిన నమూనా కిరాయి చట్టము ఇరువురకును మేలు తలచినది. వ్రాతమూలకమైన ఒప్పందము తప్పనిసరి. నివాస గృహమునకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదు. గడువు దాటి కదలని కిరాయిదారు రెట్టింపు కిరాయి చెల్లించవలెను. తగవులకు ప్రత్యేక కోర్టు. దానిని మన స్థితిగతులకు తగినట్లు సవరించి చట్టముగ చేయుట శాసనసభ పని.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, మూడు పట్టణముల పురపాలక సంఘములును తమ స్థలములలో వరుస గదులు కట్టి, ఆస్పత్రి, మార్కెట్టు, పారిశుద్ధ్య కూలీలకు తక్కువ కిరాయికి నీయవలెను. రెండవది, ఖాళీ గదుల పట్టికను పురపాలక కార్యాలయమున నుంచి, ఉచితముగ చూపవలెను. వీధులు తిరుగు శ్రమయు దళారీ రుసుమును తప్పును. మూడవది, తక్కువ కిరాయికి వ్రాతపూర్వకముగ ఇచ్చి, కులమతములు విచారింపని యజమానికి ఇంటిపన్నులో కొంత తగ్గింపు నీయవలెను. నాలుగవది, కిరాయిదారుల యింట మరణము సంభవించినపుడు గౌరవముగ కర్మ జరుపుకొనుటకు ప్రతి పట్టణమున నొక భవనము కట్టవలెను. ఈ నాలుగవది మాకు ఇష్టమైన కోరిక కాదు. యజమానుల మనసులు మారు వఱకు దుఃఖితులను వీధిలో నుంచరాదు గనుక అడుగుచున్నాము.

ఈ పత్రిక చదువువారిలో ఇండ్లు గలవారు, పొలములు గలవారు పెక్కుమంది కలరు. జిల్లా కేంద్రమైనందున మీ గజము స్థలము ధర పెరిగినది. మీ గదుల కిరాయి పెరిగినది. ఆ పెరుగుదలలో మీ చెమట కొంత. రోడ్డు వేసిన కూలి చెమట, కచేరి నూడ్చిన స్త్రీ చెమట కొంత. వారి వాటా వారికి చెందనిండు. ఈ నెల మీ గదికి ఎవరైన వచ్చి తలుపు తట్టినపుడు, "మీరేమిట్లు?" అను ప్రశ్నకు మాఱుగ, "ఎప్పుడు దిగెదరు?" అని యడుగుడు. శాసనసభ చేయవలసిన చట్టము శాసనసభ చేయును. ఈ యొక్క మాట మార్చుకొనుటకు మాత్రము ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కఱలేదు.