తూమార్, పటము, స్క్రోలు

నాగోలు మెట్రో స్టేషనులో రైలెక్కి కూర్చున్న వారిని ఒకమారు పరికించండి. ఎక్కువ మంది బొటనవ్రేలు చేతిలోని ఫోను తెరపై క్రిందినుండి పైకి కదలుతూనే ఉంటుంది. ఏమి చేస్తున్నారని అడిగితే "స్క్రోల్ చేస్తున్నాం" అంటారు. మా కళాశాలలో ఉర్దూ చదివేవారూ, తెలుగు చదివేవారూ ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఏకమవుతారు! ఈ మాటకు మన భాషలలో ఏమంటారని మేము తరగతిలో విచారించగా రెండు వైపుల నుండీ మౌనమే సమాధానమైనది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

ఆంగ్లపు స్క్రోలు ప్రాచీన ఫ్రెంచి భాషలోని 'ఎస్క్రో' నుండి వచ్చినది. తోలు కాగితం నుండి కోసిన పేలిక అని దాని అర్థం. 'రోల్' అన్న మాట సాంగత్యం వలన చివర లకారం చేరినది. ఉర్దూలోని తూమార్ అరబ్బీ నుండి వచ్చినది. అరబ్బీకి అది గ్రీకు 'తోమారియోన్' నుండి సంక్రమించినది. దాని మూలధాతువుకు కూడా కోయుట అనియే అర్థం. వేర్వేరు దారులలో నడచి వచ్చిన రెండు మాటలూ కత్తిరించిన ముక్క దగ్గరనే కలిసినవి. చుట్ట ఎంత పొడవైనదైనా దానికొక కొన ఉన్నదన్న మాట. ఖజానా కార్యాలయంలో స్క్రోలు అనగా ఆనాటి జమల జాబితా. దానినైనా సాయంత్రానికి కూడిక వేసి ముగించవలసినదే. ఫోనులోని స్క్రోలుకు మాత్రమే కొన లేదు. ఉర్దూలో 'తూమార్ బాంధ్‌నా' అంటే గోరంతను కొండంత చేసి చెప్పుట. ఆ నానుడి ఫోనును చూసి పుట్టినది కాదు గాని, చక్కగా అమరినది.

ఇక తెలుగు మాట పటము. సంస్కృతంలో పటమనగా వస్త్రం. గాలిపటంలోనూ, దేశపటంలోనూ నిలిచిన ఆ మాట అసలు రూపాన్ని చూడదలచిన వారు ఉప్పల్ నుండి వరంగల్లు దారి పట్టి, జనగామ మీదుగా చేర్యాల చేరవలెను. అక్కడి చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్రని నేలపై పురాణగాథలు గడులు గడులుగా చిత్రిస్తారు. కొన్ని పటాలు నలువది అడుగులకు మించి ఉంటాయి. కూనపులి వారు పద్మశాలీలకు, కాకిపడగల వారు ముదిరాజులకు, డక్కలి వారు మాదిగలకు ఆయా కులాల కథలను ఈ పటాలు విప్పుతూ వినిపించేవారు. ఒక గడి కథ ముగియనిదే మరొక గడి కంటబడదు. ఊరంతా ఒక్క పటము ముందు కూర్చుండేది.

ఈ హిందూ పురాణ చిత్రకారులను తరతరాలుగా ఏమంటున్నారు? నకాశీలు! చిత్రణమని అర్థమిచ్చే అరబ్బీ 'నక్ష్' నుండి ఉర్దూ ద్వారా వచ్చిన మాట అది. భూముల విషయంలో మన పెద్దలు చెప్పే గ్రామ నక్షా కూడా దాని తోబుట్టువే. తెలుగువాడు దేశపటమన్న దానినే ఉర్దూవాడు నక్షా అన్నాడు. తెలుగు పటమును వ్రాసినవాడు నకాశీ అయినాడు. ఒకరి మాట మరొకరికి పరాయిదని మా తరగతులలో వినవచ్చే వాదన చేర్యాలలో నిలువదని మా అభిప్రాయం.

ఇప్పుడు కథకులు అరుదైనారు. పొడవైన పటము వ్రాయించుకొనేవారు లేక, మిగిలిన కొద్ది కుటుంబాలు గోడకు తగిలించే చిన్న బొమ్మలూ, ముఖోటాలూ చేసి జీవిస్తున్నవి. వారిని తప్పుపట్టలేము, కొనేవారు కోరినదే చేస్తారు కదా. కావున కొనేవారమైన మనమే పూర్తి పటము కోరవలెను. మా గ్రంథాలయ నిధి నుండి ఒక దానిని వ్రాయించవలసినదిగా పెద్దలకు విన్నవించుకుంటున్నాము. దానిని అద్దాల చట్రంలో బిగించవద్దు. కర్రకు చుట్టి ఉంచండి. చూడదలచిన వారు ఇద్దరు కలిసి పట్టుకొని విప్పుకుంటారు.