మాట మనది, గొంతు మనది.. బాణీ మాత్రం బయటిది

2024 వేసవిలో తెలంగాణలో ఒక పాట మీద పెద్ద పంచాయితీ నడిచింది. అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ'ను రాష్ట్ర గీతం చేస్తూ, దాన్ని స్వరపరిచే పనిని ప్రభుత్వం ఎం.ఎం.కీరవాణికి అప్పగించింది. ఇక్కడ సంగీతకారులే కరవయ్యారా అంటూ తెలంగాణ సినీ మ్యుజీషియన్స్ అసోసియేషన్ ముఖ్యమంత్రికి లేఖ రాసింది. టీవీల్లో చర్చలు జరిగాయి, రెండు వైపులా గొంతులు లేచాయి. జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో రాష్ట్ర గీతం మోగింది, గొడవ సద్దుమణిగింది. అంత రచ్చలోనూ ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. స్వరకర్త కావాలనుకునే తెలంగాణ పిల్లవాడు ఆ పని ఎక్కడికి పోయి నేర్చుకోవాలి?

ఈ ప్రశ్న హైదరాబాద్‌లో కన్నా సింగరేణి బొగ్గు ఊరు గోదావరిఖనిలో ఎక్కువ గుచ్చుకుంటుంది. 2023 మార్చి 30న వచ్చిన 'దసరా' సినిమా కథ సాగేది సింగరేణి బొగ్గుగనుల పక్కనున్న వీర్లపల్లి అనే ఊళ్లో. బొగ్గు రైలు, మసి, యాస, తాగుడు, అన్నీ ఈ ప్రాంతానివే. 'చమ్కీల అంగీలేసి' పాట రాసిన కాసర్ల శ్యామ్ తెలంగాణ కవి. బాణీలు కట్టింది తమిళ సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్. అంతకు ఏడాదిన్నర ముందు, 2021 బతుకమ్మ పండగకు తెలంగాణ జాగృతి విడుదల చేసిన 'అల్లిపూల వెన్నెల' రాసింది మిట్టపల్లి సురేందర్, స్వరపరిచింది ఏఆర్ రెహమాన్. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. దాన్ని రాసిన చంద్రబోస్ సొంతూరు చల్లగరిగ, మరో సింగరేణి ఏరియా ఉన్న భూపాలపల్లి జిల్లాలోది. వేదిక మీద ఆయన పక్కన నిలబడిన స్వరకర్త మళ్లీ కీరవాణే.

బయటివాళ్లు ఎందుకు చేశారన్న ఏడుపు ఇందులో లేదు. సంతోష్ నారాయణన్ కొట్టించిన దరువు ఇక్కడి బరాత్‌లకు అతికినట్టు సరిపోయింది. సంగీతానికి సరిహద్దు గేటు పెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. తెలంగాణలో స్వరకర్తలే లేరనడం కూడా అబద్ధమే. 'బలగం'కు భీమ్స్ సిసిరోలియో కట్టిన బాణీలు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. కాకపోతే అలాంటివాళ్లను తయారుచేసిన బడి ఇదిగో అని వేలు పెట్టి చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు. వాళ్లు తమంతట తాము మొలిచినవాళ్లు. మొలవకుండా పోయినవాళ్లు ఎందరో లెక్క తేల్చే దారి లేదు.

గొంతులకు ఖనిలో కొదవ లేదు. చిన్న వయసులోనే 'ఆడపిల్లనమ్మ' పాటతో తెలుగు నాట అందరికీ తెలిసిన మధుప్రియ ఈ ఊరి పిల్ల. 'ఫిదా'లో 'వచ్చిండే', 2025 సంక్రాంతికి ఊరూరా మోగిన 'గోదారి గట్టు' ఆమె పాడినవే. గోదావరి అవతలి ఒడ్డున, నేటి మంచిర్యాల జిల్లా లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య పాటలు పల్లెల్లోనూ బొగ్గుబాయి సభల్లోనూ ఒక తరాన్ని కదిలించాయి. ఆ తరంలో పాట రాసినోడే పాడేవాడు, పాడేటప్పుడే బాణీ కుదిరేది. కార్మిక సంఘం మీటింగ్ అంటే ముందు పాట, ఆ తర్వాతే ఉపన్యాసం. ఇంత పాట పుట్టిన నేల మీద బాణీ కట్టడం అనే విద్య చెప్పే మాస్టారు ఒక కొలువుగా ఎన్నడూ లేడు.

తెలుగు సినిమాలో ఆ విద్య ఎలా చేతులు మారిందో చూస్తే కారణం తెలుస్తుంది. కీరవాణి చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత ఏఆర్ రెహమాన్ అయ్యాడు. ఆ కోటి, సాలూరి రాజేశ్వరరావు కొడుకు. తమన్ మణిశర్మ దగ్గర డ్రమ్స్ వాయించాడు. ఇళయరాజా జి.కె.వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా ఉంటూనే, మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1976లో 'అన్నక్కిళి'తో ఆయన బయటికి వచ్చేనాటికి వెనక అంత సాధన ఉంది. అంటే స్వరకల్పన బడి ఉండేది, స్టూడియోలో ఉండేది. అందులో సీటు దొరకాలంటే కోడంబాకంలోనో ఫిల్మ్‌నగర్‌లోనో ఉండాలి, లేదా ఆ ఇంట్లోనే పుట్టాలి. గోదావరిఖని పక్కనున్న యైటింక్లైన్ కాలనీ నుంచి ఆ తలుపు దాకా పోయి కొట్టడం అందరి వల్లా అయ్యే పని కాదు.

మరి సర్కారు సంగీత కళాశాలలు? హైదరాబాద్ రాంకోఠిలోని త్యాగరాయ కళాశాల 1952 నుంచి ఉంది. వరంగల్‌లో విద్యారణ్య కళాశాల ఉంది. వాటికి పెద్దన్న లాంటి విజయనగరం మహారాజా కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన మొదలైంది, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. నాలుగేళ్లు సర్టిఫికెట్, రెండేళ్లు డిప్లొమా. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు. పునాది విషయంలో ఈ పద్ధతికి వంక పెట్టలేం. అయితే ఉన్న కృతిని చెక్కుచెదరకుండా పాడించడం మీదే దాని చూపంతా. పైమెట్టు విద్యార్థి కల్పన స్వరాలు వేస్తాడు గానీ, కొత్త సాహిత్యం చేతికిచ్చి దీనికి బాణీ కట్టు అనే పరీక్ష అరుదు.

ఆ డిప్లొమాతో వచ్చినవాళ్లకు గురుకులాల్లో సంగీత ఉపాధ్యాయ పోస్టులున్నాయి. 2023 ఏప్రిల్ నోటిఫికేషన్లలో గురుకుల నియామక బోర్డు ఆ పోస్టులూ ప్రకటించింది. ఇది మంచి అడుగే. అయితే బడిలో సంగీతం టీచర్ పని ఏమిటని అడిగితే చాలా చోట్ల జవాబు ఒకటే: ప్రార్థన, పంద్రాగస్టు, వార్షికోత్సవం. వార్షికోత్సవానికి కూడా సినిమా పాట ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. పిల్లలు తమ బడి మీద తామే పాట కట్టుకుని పాడటం ఎంతమంది హెడ్‌మాస్టర్లు చూసి ఉంటారు?

బాణీ కట్టడం పుట్టుకతో రావాల్సిందే, చెబితే వచ్చేది కాదు అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం ఒక చిన్న పాఠం. కీబోర్డు మీద నల్ల మెట్లు మూడు ఒక గుంపు, రెండు ఒక గుంపుగా ఉంటాయి. తెల్లవాటి జోలికి పోవద్దని పిల్లలకు చెప్పాలి. మూడింటి గుంపులో మొదటి మెట్టును షడ్జం అనుకుని పైకి వాయిస్తే మోహన పలుకుతుంది. అవే ఐదు మెట్లు, షడ్జాన్ని మాత్రం రెండో మెట్టుకు జరిపితే మధ్యమావతి. మూడోదానికి జరిపితే హిందోళం. రెండింటి గుంపులో మొదటిదాని నుంచి మొదలుపెడితే శుద్ధసావేరి, రెండోదాని నుంచి శుద్ధ ధన్యాసి. విద్వాంసులు గ్రహభేదం అనే పెద్ద సంగతి ఇదే. ఏడో తరగతి పిల్లకు అరగంటలో చెవికెక్కుతుంది. సంతోషంగా మోగిన వరస, మెట్లు మారకుండానే మొదలు మారితే దిగులుగా ఎందుకు మోగిందో ఆ పిల్ల తనే అడుగుతుంది. స్వరకల్పన పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

తర్వాతి పాఠం ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు. అమ్మమ్మ పాడే బతుకమ్మ పాట సాధారణంగా నాలుగైదు స్వరాల మధ్యే, చప్పట్ల లెక్కలోనే తిరుగుతుంది. చప్పట్లను అలాగే ఉంచి, మాట ఎత్తుగడను అర చప్పట వెనక్కి జరపమనాలి. చరణాన్ని పై షడ్జం దాకా ఎక్కించి మళ్లీ పల్లవిలోకి దింపమనాలి. దిగే దారి దొరక్క పిల్లలు తడబడతారు, ఒకరిద్దరు దొరకబుచ్చుకుంటారు. ఎందుకు దొరికిందో వాళ్లకు వివరించగలిగినవాడే ఈ విద్యకు మాస్టారు. అతనికి పాడటం రావాలి, వాయించడం రావాలి, రాసుకోవడం రావాలి. అన్నిటికీ మించి, తన బాణీని పిల్లల మీద రుద్దకుండా ఉండే నిగ్రహం ఉండాలి. చివరిది అన్నిటికన్నా కష్టం.

ఆ నిగ్రహానికి ప్రపంచం ఒప్పుకున్న గురువు పారిస్‌లో ఉండేది. నాడియా బూలాంజే (1887-1979) దగ్గర అమెరికా స్వరకర్త ఆరన్ కోప్లండ్ మొదలు క్విన్సీ జోన్స్ దాకా ఎందరో చదువుకున్నారు. 1954లో అర్జెంటీనా నుంచి ఆస్టర్ పియాజొల్లా వచ్చాడు. తమ ఊరి వీధుల్లో, క్లబ్బుల్లో మోగే టాంగో వాయించేవాడినని చెప్పుకోవడానికి సిగ్గుపడి, సింఫనీలు రాసిన కాగితాల దొంతర ఆమె ముందు పెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ ఇందులో నువ్వు కనపడటం లేదందామె. పట్టుబట్టి ఒక టాంగో వాయింపించుకుని, అదే నీ సంగీతం, దాన్ని వదలొద్దని చెప్పింది. టాంగోకు ఇరవయ్యో శతాబ్దంలో కొత్త ప్రాణం పోసినవాడిగా పియాజొల్లా పేరు నిలిచింది. డప్పు, ఒగ్గుడోలు విని పెరిగి, క్లాసులో మాత్రం వాటి పేరెత్తడానికి జంకే ఖని పిల్లవాడికి కావాల్సిన మాస్టారు అచ్చం అలాంటివారే.

ఇక కడుపు సంగతి. గోదావరిఖనిలో ఇలాంటి మాస్టారు బతకాలంటే దారులు తక్కువ. ట్యూషన్లు చెప్పుకోవాలి, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించాలి, జానపద యూట్యూబ్ ఛానళ్లకు ట్రాకులు చేసిపెట్టాలి. తండ్రి మొదటి షిఫ్టయితే పిల్ల క్లాసుకొస్తుంది, రెండో షిఫ్టయితే తీసుకొచ్చే దిక్కుండదు. పదో తరగతి రాగానే ఐఐటీ కోచింగ్ పేరుతో కీబోర్డు అటకెక్కుతుంది. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపులకు దిగింది. తండ్రి కొలువు కొడుక్కి వస్తుందన్న ధీమా సడలిన చోట ఎవరైనా చూసేది బతుకుదెరువునిచ్చే చదువు వైపే.

అయితే పాటకు ఇప్పుడు బజారుంది. 2021లో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో 'బుల్లెట్టు బండి'కి వేసిన చిందు దేశమంతా చూసింది. అది సినిమా పాట కాదు, ప్రైవేటు పాట. అదే ఏడాది 'సారంగ దరియా' మీద, ఆ జానపదాన్ని సేకరించింది తానేనంటూ గాయని కోమలి గొంతెత్తిన వివాదమూ చూశాం. బజారున్న చోట హక్కుల లెక్క కూడా తెలిసి ఉండాలి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, పాట ఎవరికి అమ్మినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉంటుంది. ఐదువేలకు బాణీ ఇచ్చేసి, కోటి వ్యూస్ వచ్చాక నెత్తి కొట్టుకునే కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? స్వరకల్పన మాస్టారు పాఠాల్లో ఇదీ ఒకటి కావాలి.

బొగ్గుకూ సంగీతానికీ పొత్తేమిటని నవ్వేవాళ్లు ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వైపు చూడాలి. గ్రైమ్‌థార్ప్ బొగ్గుగని కార్మికులు 1917లో ఒక ఇత్తడి వాద్యాల బృందం పెట్టుకున్నారు. పాత మార్చింగ్ పాటలతో సరిపెట్టుకోలేదు. 1973లో హారిసన్ బర్ట్‌విసిల్ లాంటి ఆధునిక స్వరకర్త ఆ బృందం కోసమే ఒక కొత్త రచన చేశాడు. 1992 అక్టోబరులో గనుల మూసివేత ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే ఆ బృందం లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జాతీయ పోటీ గెలిచింది. 1993లో గని మూతపడింది. బృందం ఇప్పటికీ వాయిస్తూనే ఉంది.

సింగరేణికి ఇది కొత్త ఆలోచనేం కాదు, సగం ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఆటల, పాటల పోటీలు పెడుతుంది. సంస్థకు సొంత బడులున్నాయి. సేవా సమితి కుట్టుపని లాంటి శిక్షణలిస్తుంది. డిసెంబరు 23న సింగరేణి దినోత్సవానికి వేదికలు వెలుగుతాయి. డబ్బు మాట తీస్తే, 2023-24లో సంస్థ లాభం రూ.4,701 కోట్లు, అందులో కార్మికులకు పంచిన వాటా రూ.796 కోట్లు. కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత నిధులను కళలు, సంస్కృతి మీద ఖర్చు చేయవచ్చు. స్థానిక కళాకారులను బడుల్లో బోధకులుగా పెట్టుకోవచ్చని 2020 జాతీయ విద్యా విధానమూ అంటోంది. సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు జీతాలిచ్చిన రాష్ట్రం ఇది. పాడేవాళ్లకు కొలువివ్వగలిగినప్పుడు, పాట కట్టడం నేర్పేవాళ్లకు ఎందుకివ్వలేదు?

రామగుండం రీజియన్‌లో ఒక్క గది, నాలుగు కీబోర్డులు, రెండు డప్పులు, ఒక హార్మోనియం, నెలనెలా జీతమందే ఒక మాస్టారు. షిఫ్టులను బట్టి ఉదయం ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. ఏడాది చివర సింగరేణి దినోత్సవం నాడు సినిమా పాటలు పక్కనపెట్టి ఆ పిల్లలు కట్టిన పాటలే వేదిక మీద వినిపించాలి. గుర్తింపు సంఘం నాయకులు యాజమాన్యంతో ఈసారి కూర్చున్నప్పుడు క్వార్టర్లు, ఆసుపత్రి, అలవెన్సుల పక్కన ఈ ఒక్క డిమాండ్ కూడా రాసి తీసుకెళ్లాలి.