పారిపోయినవారు కాదు, తిరిగి వచ్చేవారు

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బక్రీద్ సెలవులకు మోత్కూర్ వచ్చినప్పుడు పుస్తకాలకు బదులు బరువైన లాప్‌టాప్ ఒకటి వెంట తెచ్చాడు. రెండవ రోజు రాత్రి నేను ఇషా నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది. "భాయిజాన్, మీరే చెప్పండి. వీడు మధ్యాహ్నం నుండి ఒకే రాక్షసునితో కొట్లాడుతున్నాడు. వాడు చంపుతూనే ఉన్నాడు, వీడు చస్తూనే ఉన్నాడు. ఇది జాయిజేనా?" అని అడిగింది. ఇంట్లో ముఫ్తీ లేని లోటు నాతో తీర్చుకోవడం ఆమెకు అలవాటు. నేను ముఫ్తీని కాను, పిల్లలకు హిఫ్జ్ చెప్పే ఉస్తాదును మాత్రమే. అయినా మాట చెప్పవలసినవాడు ముందు విషయం చూడాలి గనుక, వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.

ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపాన్‌కు చెందిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. కల్పిత లోకంలో ఒక యోధుని పాత్ర ధరించి, అతని బలాన్ని మెల్లమెల్లగా పెంచుకుంటూ ముందుకు సాగే ఆట. కష్టమైన ఆటగా దానికి పేరు. కోటకు పోయే దారిలో మార్గిట్ అనే వికృతాకారుడు చేతికర్రతో అడ్డు నిలుస్తాడు. ఇలాంటి పెద్ద శత్రువును పిల్లలు 'బాస్' అంటారు. నేను కూర్చున్న తరువాత జరిగిన మొదటి పోరు ఒక నిమిషం కూడా సాగలేదు.

"ఎన్నోసారి బేటా?"

"ముప్పై దాటింది మామూ. తరువాత లెక్క పెట్టలేదు."

అతడు ఓడిపోవడం నాకు వింతగా తోచలేదు. ఓడిన మనిషి ముఖంలో విసుగు లేకపోవడమే వింతగా తోచింది. ఇరవై ఏళ్ళ ఈ యువకుడు అన్నంలో ఉప్పు తక్కువైతే కంచం నెట్టేస్తాడని చెల్లెలు ఎన్నోసార్లు నాతో మొరపెట్టుకుంది. అటువంటివాడు ముప్పైసార్లు చచ్చి, ముప్పై ఒకటోసారి నెమ్మదిగా లేచి నిలబడుతున్నాడు.

ఇంత పెద్దవాణ్ణి ఎలా ఎదుర్కొంటావని అడిగాను. అతడు చెప్పిన సంగతులు నేను శ్రద్ధగానే విన్నాను. మొదటి నాలుగైదు పోరాటాల్లో అసలు కత్తి ఎత్తడట. ఎదుటివాడు ఏ దెబ్బకు ముందు ఎలా కదులుతాడో చూడటమే ఆ వేళ పని. మార్గిట్ కర్ర పైకెత్తి ఒక క్షణం అలాగే ఆపుతాడు. కొత్తవాడు కర్ర లేవగానే భయపడి పక్కకు దొర్లుతాడు. దొర్లి లేచే సమయానికి సరిగ్గా నెత్తిన పడుతుంది. కర్ర లేచినప్పుడు కాదు, దిగుతున్నప్పుడు కదలాలి. గాయమైన వెంటనే మందు సీసా తీయకూడదు. తాగుతుండగా చూస్తే వాడు బాకు విసురుతాడు. వాడి పెద్ద దెబ్బ గురి తప్పి, మళ్ళీ సర్దుకునే లోపల తాగాలి. ఇక కొత్తవారు సంపాదించినదంతా కత్తి పదునుకే ఖర్చు చేసి ప్రాణబలాన్ని మరచిపోతారట. ఒక్క దెబ్బ తట్టుకోలేనివానికి పదునైన కత్తి ఎందుకని అతడే నన్ను ఎదురు ప్రశ్నించాడు.

"మరి నువ్వు ఇప్పుడు ఎందుకు చచ్చావు?"

"ఆశ, మామూ. రెండు దెబ్బలు కొట్టి దూరం జరగాలి. వాడి ప్రాణం కొంచెమే మిగిలిందని మూడోది కొట్టబోయాను."

ఈ మాట విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. దైవప్రవక్త (స) సహచరుల త్యాగాలను తెర మీది బొమ్మలతో పోల్చే సాహసం నాకు లేదు. కానీ మనసు ఎటు పోవాలో అటే పోతుంది. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ కనుమ మీద దైవప్రవక్త (స) యాభై మంది విలుకాండ్రను నిలిపారు. వారికి నాయకులు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి). గెలిచినా ఓడినా ఆ స్థానం వదలవద్దన్నది ఆజ్ఞ. శత్రువు వెనుదిరగడం కనిపించింది, మైదానంలో సొమ్ము కనిపించింది. నాయకుడు వారిస్తున్నా చాలామంది దిగిపోయారు. ఆ ఖాళీలోనుండే ఖాలిద్ బిన్ వలీద్ గుర్రపు దళం వెనుకగా విరుచుకుపడింది. అప్పటికి ఆయన ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. డెబ్బై మంది షహీదులయ్యారు.

అదే ఖాలిద్ (రజి) హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో మరో వైపు నిలబడ్డారు. ముస్లిములు మూడు వేల మంది, ఎదుట ఎన్నో రెట్లు పెద్దదైన రోమను సైన్యం. హజ్రత్ జైద్, హజ్రత్ జాఫర్, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) ఒకరి తరువాత ఒకరు జెండా పట్టి నేలకొరిగారు. జెండా ఖాలిద్ (రజి) చేతికి వచ్చింది. ఆనాడు ఆయన చేతిలో తొమ్మిది ఖడ్గాలు విరిగాయని బుఖారీ గ్రంథంలో ఉంది. అంతగా పోరాడిన ఆ వీరుడే కుడి పక్షాన్ని ఎడమకు, ఎడమ పక్షాన్ని కుడికి మార్చి, కొత్త సైన్యం వచ్చిందేమోనని శత్రువు తడబడేలా చేసి, మిగిలినవారిని క్షేమంగా వెనక్కు తెచ్చారు. మదీనాలో కొందరు వారి మీద మట్టి చల్లి, పారిపోయి వచ్చారా అని నిందించారు. దైవప్రవక్త (స) ఆ నిందను అంగీకరించలేదు. వీరు పారిపోయినవారు కారు, మళ్ళీ తలపడేవారని గౌరవించారు. యుద్ధంలో వెన్ను చూపడం ఘోర పాపమని చెప్పిన అన్‌ఫాల్ సూరాలోని 16వ ఆయతే, ఎత్తుగడగా జరగడాన్నీ సాటి దళాన్ని చేరుకోవడాన్నీ వేరు చేసి చూపింది.

ఈ వృత్తాంతం చెబితే అల్లుడు నవ్వి, ఆట మొదట్లోనే బంగారు కవచం తొడిగిన రౌతు ఒకడు ఎదురవుతాడని చెప్పాడు. చాలామంది వాడిని అప్పుడే ఓడించాలని పంతం పడతారట. పక్కదారిన పోవచ్చు, బలం పెరిగాక తిరిగి రావచ్చు. "మార్గిట్‌ను కూడా అలాగే వదిలి దక్షిణాన తిరిగి వద్దామా అనుకుంటున్నాను మామూ" అన్నాడు. మరి మధ్యాహ్నం నుండి ఎందుకు వదలలేదని నేను అడగలేదు. జవాబు ఇద్దరికీ తెలుసు.

ఇలాంటి ఆటలు ఎక్కడో విదేశాల్లోనే పుడతాయని అనుకోనక్కరలేదు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆటను విడుదల చేసింది. కథ హిందూ పురాణాల ఛాయలో నడుస్తుంది, దాని నమ్మకాలతో మనకు పని లేదు. అందులో చస్తే మొదటికే రావాలి, పైగా ప్రతిసారీ దారులు మారిపోతాయి. కాబట్టి దారిని కంఠస్థం చేసి లాభం లేదు, శత్రువు స్వభావం తెలియాలి. ఇంకా వెనక్కు వెళితే మన దక్కను ఇళ్ళలో పెద్దలు చెప్పిన అమీర్ హమ్జా దాస్తాన్ కూడా ఈ కోవలోనిదే. అందులో అమర్ అయ్యార్ భుజాన ఉండే జంబీల్ సంచిలో లోకమంతా పట్టేది. ఈనాటి ఆటల్లో యోధుడు వంద ఆయుధాలు మోసే సంచి చూస్తే నాకు అదే జ్ఞాపకం వచ్చింది. ఆ దాస్తాన్ కల్పన. అసలైన హజ్రత్ హమ్జా (రజి) ఉహుద్‌లోనే షహీదయ్యారు. ఆయనకు మరొక అవకాశం లేదు, ఆయన దానిని కోరనూ లేదు. ఈ భేదం పిల్లలకు చెప్పకుండా ఏ ఆటనూ వారి చేతికి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

చెల్లెలికి ఇవ్వవలసిన జవాబు ఇంకా మిగిలే ఉంది. డబ్బు పెట్టి, లోపల ఏముందో తెలియని పెట్టెను తెరిచే ఆటలున్నాయి. అది నా దృష్టిలో జూదానికి చుట్టం, మాయిదా సూరాలోని 90వ ఆయత్ ముందు దానికి నిలువ నీడ లేదు. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణ ప్రభుత్వమే 2017లో నిషేధించింది. సిగ్గు విడిచిన బొమ్మలు, మంత్రతంత్రాలను నిజమని నమ్మించే కథలు ఉన్నచోట కూడా నాకు వేరే మాట లేదు. మేనల్లుని ఆటలోనూ మంత్రాలున్నాయి. వాటిని బొమ్మలాటగా ఎరిగి ఆడుతున్నాడా అని అడిగి తెలుసుకున్నాను. అయితే అసలు చిక్కు మరొకటి. ఆ ఆటను మధ్యలో ఒక మీట నొక్కి ఆపడం కుదరదు. పోరు మధ్యలో విడిచిపోతే ఆ పోరు మళ్ళీ మొదటి నుండే. అజాన్ వినిపించే వేళకు శత్రువు ప్రాణం గోరంత మిగిలి ఉంటే, అప్పుడు షైతానుకు వేరే పని అక్కరలేదు. ఆ రోజు మగ్రిబ్ ఆఖరి నిమిషాల్లో చదివానని అతడే ఒప్పుకున్నాడు.

అందుకు పరిష్కారం కూడా అతడే చెప్పాడు. అజాన్‌కు అరగంట ముందు నుండి బాస్ ఉన్న వైపు పోకూడదు. మిగతా పనులేవైనా ఉంటే ఆ సమయంలో చూసుకోవాలి. నేను ఇంకొకటి చేర్చాను. లాప్‌టాప్ గదిలో కాదు, అమ్మ కూర్చునే చోట ఉండాలి. చెల్లెలు సగం తృప్తిపడింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, దానికి కారణం ఆట కాదు.

రెండు నెలల క్రితం నా తరగతిలో ఒక పిల్లవాడు చదువు మానేశాడు. పన్నెండేళ్ళవాడు, గొంతు మంచిది. బఖరా సూరాలోని 58వ ఆయత్ వద్ద తప్పిపోయేవాడు. అక్కడ ద్వారంలో సాష్టాంగంగా ప్రవేశించమన్న మాట ముందు, 'హిత్తతున్' అనమన్న మాట తరువాత. ఆరాఫ్ సూరాలోని 161వ ఆయత్‌లో ఇవే మాటలు తారుమారుగా వస్తాయి. హాఫిజులకు ఇది తెలిసిన గోతి. అతడు బఖరాలో మొదలుపెట్టి, తనకు తెలియకుండానే ఆరాఫ్‌లోకి జారిపోయేవాడు. మూడవ రోజు కూడా జారినప్పుడు నేను తరగతి అందరి ఎదుట ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయలేను. మరునాడు కడుపునొప్పి అని కబురు వచ్చింది. ఆ తరువాత కబురు కూడా రాలేదు. సబఖ్ అప్పజెప్పలేని పిల్లల సోమరితనం గురించి ఇదే పత్రికలో పేజీలు నింపిన చేయి నాది.

మార్గిట్ ముప్పైసార్లు చంపాడు గాని, ఒక్కసారీ నీ తలలో ఏముందని అడగలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపించాడు, మళ్ళీ రానిచ్చాడు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఆయన నోట విసుగు మాటగాని, ఇది ఎందుకు చేశావన్న నిలదీతగాని వినలేదని ఆయనే చెప్పారు. ముప్పై ఏళ్ళుగా ఆ హదీసును నేను బోధిస్తున్నాను.

మరునాడు అసర్ తరువాత ఆ పిల్లవాని తండ్రి పంక్చర్ దుకాణానికి వెళ్ళాను. పిల్లవాడు ట్యూబు నీటిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. నన్ను చూసి లేచి సలాం చేశాడు, చేతులు తుడుచుకున్నాడు. నేను తప్పుగా మాట్లాడానని, ఆ మాట అన్నది అందరి ముందే గనుక క్షమాపణ కూడా తరగతి ముందే కోరుతానని అతని తండ్రితో చెప్పాను. తండ్రి కంగారుపడ్డాడు, పిల్లవాడు ట్యూబు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు రోజూ మగ్రిబ్ తరువాత వస్తున్నాడు. కొత్త సబఖ్ ఇవ్వలేదు, పాత పాఠాల ఆమోఖ్తా మాత్రమే వింటున్నాను. రెండు ఆయతులను పక్కపక్కన రాయించి, ఏది ముందు ఏది వెనుక అని అతని చేతనే గీత గీయించాను. మొన్న గురువారం మళ్ళీ ఆ ఆయత్ దగ్గరికి వచ్చాడు. 'హిత్తతున్' అని తొందరపడి ఆగిపోయాడు. తల ఎత్తి నా ముఖం చూశాడు. నేను ఏమీ అనలేదు. అతడు గొంతు సవరించుకొని, పేజీ మొదటికి వెళ్ళి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.