ఠీవి లేని చెడ్డవాడు

చెడ్డవాడిని తలకెత్తుకోవడం మనకు కొత్త కాదు. 'సీతారామ కల్యాణం' (1961)లో రావణుడిగా, 'దాన వీర శూర కర్ణ' (1977)లో దుర్యోధనుడిగా ఎన్టీఆర్ తెర మీదికి వస్తే హాళ్లు ఈలలతో మోగాయి. ఆ పాత్రల తప్పులు తెలియక కాదు. ఆ నడక, ఆ గొంతు, ఆ పౌరుషం ముందు తప్పు చిన్నదైపోయేది. మరి ఏ ఠీవీ లేని చెడ్డవాడు కథ నడిమధ్యన కూర్చుంటే? శ్యామ్ బెనగళ్ తీసిన 'నిశాంత్' (1975)ను ఈమధ్య మా పేట్ బషీరాబాద్‌లో ఇరుగుపొరుగంతా కలిసి చూశాం. సినిమా అయిపోయినా చాలాసేపు ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు.

బెనగళ్ పరాయివారేం కాదు. 1934లో ఇక్కడికి దగ్గర్లోని తిరుమలగిరిలో పుట్టారు, హైదరాబాద్‌లోనే చదువుకున్నారు. 'అనుగ్రహం' పేరుతో తెలుగులోనూ ఒక సినిమా తీశారు. 2024 డిసెంబరులో కన్నుమూశారు. 'నిశాంత్' హిందీ సినిమాయే అయినా కథ మనది. 1945, దొరల కాలపు తెలంగాణ పల్లె. నలుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడైన దొరగా అమ్రిష్ పురి. ఊరు అతని గుప్పిట్లో ఉంటుంది. చిన్నవాడు విశ్వంగా అప్పటికి కొత్త నటుడైన నసీరుద్దీన్ షా. విశ్వం అన్నల్లా తాగి తిరగడు, వాళ్ల ముందు నోరెత్తడు. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు భార్య సుశీల మీద అతని మనసు పడుతుంది. అన్నలు ఒక రాత్రి ఆమెను ఇంట్లోంచి ఈడ్చుకొస్తారు. ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. విశ్వం వద్దనడు.

నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దాయనకు విశ్వం మీదే ఎక్కువ కోపం వచ్చింది. "దొర అంటే దొరే. వీనికేమైంది, ఒక్క మాట అననీకె?" అన్నాడు. కాలేజీలో చదివే మనవడు ఒప్పుకోలేదు. విశ్వం భయస్థుడు, తర్వాత సుశీలను ఆదరంగానే చూశాడు కదా అని వాదించాడు. వాళ్లిద్దరి మాటా సాగుతుండగా పక్కింటి కోడలు అడ్డుపడింది: వాడి మంచితనం లెక్కలు మనకెందుకు, రుక్మిణి సంగతి ఒక్కరైనా మాట్లాడారా అని. విశ్వం భార్య రుక్మిణి. స్మితా పాటిల్ ఆ పాత్రలో ఎక్కువగా మౌనంగానే ఉంటుంది. అందుకే కాబోలు అందరం మరిచిపోయాం.

నా మనసు ఆ పెద్దాయన కోపం వైపే మొగ్గింది. కొరడా పట్టిన దొరను అసహ్యించుకోవడం సులువు. అతనికీ మనకూ పోలిక లేదనుకుని హాయిగా నిద్రపోతాం. విశ్వం ఆ వీలు ఇవ్వడు. అతను అన్యాయం చేసే చేతిని పట్టుకోడు, ఆ చేయి తెచ్చిచ్చినదాన్ని మాత్రం కాదనడు. గడీలు అన్నేళ్లు నిలబడింది దొరల బలంతోనే కాదు, ఇలాంటి మెతక మనుషుల వల్ల కూడా. చరిత్ర సినిమా తీసేవాళ్లు విలన్‌ను రాక్షసుడిగా, ఎదిరించినవాడిని దేవుడిగా చూపిస్తే ఈ మనుషులు తప్పించుకుపోతారు. విశ్వంలో జాలి కలిగించే ఒక్క గుణమైనా పెట్టకుండా ఉండాల్సిందని మనవడితో వాదించినవాళ్లూ ఉన్నారు. అలా చేసి ఉంటే ఈ సినిమా ఇంతగా గుచ్చుకునేది కాదు. విశ్వంలో కాస్త మెత్తదనం ఉంది, అది సుశీలకు ఎందుకూ పనికిరాలేదు. రెండూ నిజమే.

పోలీసులు, వకీలు, కలెక్టరు అందరి దగ్గరికీ తిరిగి అలసిన పంతులు చివరికి పూజారితో కలిసి ఊరిని లేపుతాడు. ఊరు తిరగబడుతుంది. మనం ఎదురుచూసిందే అయినా తృప్తి దొరకదు, ఎందుకంటే ఆ ఆవేశానికి ఏ పాపమూ ఎరుగని రుక్మిణి కూడా బలైపోతుంది. మేడ్చల్ దారి పొడవునా ఇన్ని కాలేజీలున్నాయి. ఈ సినిమాను పిల్లలకు వేసి చూపించి, విశ్వం గురించి, రుక్మిణి గురించి వాళ్లనే వాదించుకోనిస్తే బాగుండును.