అడవికి ధర్మకర్త యెవరు?

తుంగయు భద్రయు పడమటి కనుమలలోని గంగమూలమున పుట్టి, కూడలి యొద్ద కలసి, తుంగభద్రయై కృష్ణలో చేరుచున్నవి. బళ్ళారి, హోసపేటలలో తరతరములుగా స్థిరపడిన మనమును, కర్నూలులోని మన బంధువులును త్రాగునది ఆ నీరే. కావున ఆ కొండల మీది అడవిని కాచువారి విధి యేమని అడుగుట మన హక్కు.

అడవి ప్రభుత్వపు సొత్తు, అనుమతిపత్ర ముండిన చాలునని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. 1976లో రాజ్యాంగమున చేరిన 48-ఎ అధికరణము అడవులను రక్షింపుమని రాజ్యమును ఆదేశించుచున్నది. హిమాచలమున బియాస్ నది యొడ్డునున్న అటవీభూమిని ఒక హోటలునకు కౌలుకిచ్చిరి. కేంద్రశాఖ అనుమతి యుండినను, 1996లో సుప్రీంకోర్టు దానిని రద్దుచేసినది. ప్రభుత్వము ఇట్టి ప్రకృతిసంపదకు ధర్మకర్తయే గాని యజమాని కాదని తేల్చినది. ధర్మకర్త గుడిమాన్యమును తన యిష్టము వచ్చినట్లు ధారపోయవచ్చునా?

మన భద్ర మాటయు నిట్టిదే. కుద్రేముఖమున ఇనుపఖనిజపు త్రవ్వకమును 2005 తుదికి ఆపవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది, త్రవ్వకము ఆగినది. కాని కోర్టు తలుపు తట్టినది ప్రభుత్వము కాదు, వన్యప్రాణి సంరక్షణకై నడుము కట్టిన పౌరులు! కావలివాడు మేలుకొనియుండిన, ఇంటివారు కేకలు వేయవలసిన పని యేమి?

అనుమతి నిచ్చుట సులువు. ఇచ్చుటకు ముందు నది కేమగునో విచారించుటయే విధి. ఆ విచారణ ఏదని మనము, ఏ రాష్ట్రమున నున్నను, ఏ భాషలోనైనను, అడుగవలెను. ఏటికి ఎల్లలు లేవు. దాని నీరు త్రాగువారి బాధ్యతకును లేవు.