తలుపు అవతలి నిద్ర



2003లో చౌక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ వచ్చాక విమానం టికెట్ మధ్యతరగతి చేతికి అందింది. ఆ చౌక ఎక్కడి నుంచి వస్తోందో మనం పెద్దగా అడగలేదు. నేలమీద నిలబడ్డ విమానం సంస్థకు నష్టం. అందుకే దిగిన అరగంటకల్లా మళ్లీ లేవాలి. ఆ కాస్త వ్యవధిలోనే పైలట్‌కు ఇంధనం లెక్క, వాతావరణ నివేదిక, కిందికి దిగి విమానం చుట్టూ ఓసారి పరిశీలన, కుదిరితే నాలుగు ముద్దలు. శంషాబాద్‌లో బయల్దేరి ఒకే పూటలో మూడు ఊళ్లకు వెళ్లొచ్చిన పైలట్ ఆ ఊళ్లలో చూసేది రన్‌వే ఒక్కటే.

పైలట్ల జీవితం మీద ఈ సంచికలో వచ్చిన రచనలన్నిటినీ కలిపిన దారం నిద్ర. మేం అనుకుని పెట్టింది కాదు, రాసినవాళ్లంతా అక్కడికే వచ్చారు.

పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు ప్రకటించింది. పూర్తిగా అమలుకు వచ్చేసరికి 2025 నవంబరు. మరుసటి నెలలోనే పైలట్లు చాలక వేల విమానాలు రద్దయ్యాయి, నిబంధనల్లో కొన్ని సడలింపులూ వచ్చాయి. ప్రయాణికుల అవస్థ నిజమే. అయినా విశ్రాంతిని తప్పుపట్టడం అన్యాయమని మా గట్టి నమ్మకం. సరిపడా పైలట్లను ముందే తీసుకోవలసింది సంస్థలు.

మీ ఇంట్లో, మీ వీధిలో పైలట్లుంటే ఈ సంచిక వాళ్లకివ్వండి. వాళ్లేమన్నారో మాకు రాయండి.